నిలదొక్కుకోవాలంటే కాళ్ల కింద నేల ఉండాలి

(ఆరోగ్య సిబ్బంది, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వారి కుటుంబ సభ్యులు కలిసి కూర్చున్న ఒక సభలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాశాం. చివర్లో సభికులు అడిగిన మూడు ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. డాక్టరు మాట్లాడుతుంటే ముందు వరుసలో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు, నాకు తెలుసు. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల స్థితిస్థాపకత, ఆరోగ్యం". ఆహ్వానంలో ఆ మాట చూడగానే హైస్కూలు ఫిజిక్స్ పుస్తకం గుర్తొచ్చింది. స్ప్రింగు బొమ్మ ఒకటి ఉండేది. లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ గుణం పేరు స్థితిస్థాపకత. అదే పాఠంలో కింద ఇంకో మాట కూడా ఉండేది, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న: స్థితిస్థాపక అవధి. ఆ అవధి దాటేలా లాగితే, తర్వాత వదిలేసినా స్ప్రింగు పాత పొడవుకు రాదు. వంకరగా, సాగిపోయి అలాగే ఉండిపోతుంది. మనుషుల విషయానికొచ్చేసరికి మనం మొదటి మాటనే పట్టుకున్నాం, రెండోది వదిలేశాం. "ఎన్ని కష్టాలు పడ్డా ఎంత బలంగా నిలబడ్డారండీ" అని మెచ్చుకుంటాం. ఎవరు లాగుతున్నారు, ఎంతసేపటి నుంచి లాగుతున్నారు అని అడగం.

నాకు ఇంకో తెలుగు మాట నచ్చుతుంది. నిలదొక్కుకోవడం. తూలిపడబోయినవాడు పాదం గట్టిగా నేలకు తొక్కిపట్టి నిలబడతాడు చూడండి, అదీ ఈ మాటలో కనిపించే బొమ్మ. ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఈ మాట వినగానే కాళ్లతో పాటు నేల కూడా గుర్తొస్తుంది. బురదలో ఎంత బలమున్నవాడైనా నిలదొక్కుకోలేడు. ఇవాళ నేను ఎక్కువగా నేల గురించే మాట్లాడతాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఆమె అనుమతి తీసుకున్నాను, కొన్ని వివరాలు మార్చాను.

అప్పటికి నేను ప్రాక్టీసు మొదలుపెట్టి చాలా ఏళ్లే అయింది, కాబట్టి కుర్రతనం అని తప్పించుకోలేను. ఓపీలో జనం కిక్కిరిసి ఉన్నారు. పేర్లు పిలిచే అబ్బాయి ఆ రోజు రాలేదు. నేనే తలుపు దగ్గరకొచ్చి చీటీ మీద ఉన్న పేరు గట్టిగా చదివాను. మగ పేరు. చీర కట్టుకున్న ఒకామె సగం లేచింది. హాల్లో ఉన్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎవరో నవ్వారు కూడా. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. నేనేం చేశాను? "పేషెంటు లేరు" అని చీటీ మీద గీత కొట్టి తర్వాతి పేరు పిలిచాను.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె ఇంకో ఆసుపత్రిలో ఎమర్జెన్సీలో చేరింది. పిక్కలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరింది. బతికింది. దాదాపు ఏడాది తర్వాత ఒక స్నేహితురాల్ని తోడు తీసుకొని మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కూర్చొని ఇలా అంది: "ఆ రోజు మీరు పిలిచిన పేరుకు లేస్తే హాలంతా నన్నే చూస్తుంది. లేవకపోతే కాలు చూపించుకోలేను. రెండిట్లో కాలే చిన్న సమస్య అనిపించిందండీ."

కాలే చిన్న సమస్య అనిపించింది. నేను చదివిన వైద్యశాస్త్ర పుస్తకాల్లో ఎక్కడా ఈ వాక్యం లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల ఆరోగ్యం గురించి నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఆమె చెప్పిన దానికి పరిశోధకులు పెట్టిన పేరు ఒకటుంది. మైనారిటీ స్ట్రెస్. 2003లో ఇలన్ మెయర్ అనే శాస్త్రవేత్త స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్ల మానసిక ఆరోగ్యం గురించి రాస్తూ దీన్ని వివరంగా చెప్పాడు. అందరికీ ఉండే టెన్షన్లు వీళ్లకూ ఉంటాయి, ఉద్యోగం, అద్దె, జబ్బు. వాటి మీద అదనంగా, సమాజం తమను తక్కువగా చూడటం వల్ల వచ్చే టెన్షన్ ఇంకో పొర. 2012లో హెండ్రిక్స్, టెస్టా అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దాన్ని ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జీవితానికి తగ్గట్టు విస్తరించారు. బయటి నుంచి వచ్చేవి కొన్ని: వివక్ష, తిరస్కారం, హింస, నువ్వు చెప్పుకునే నువ్వు నువ్వు కాదని అనడం. లోపల పెరిగేవి మరికొన్ని: రేపు కూడా అలాగే జరుగుతుందని ముందే భయపడటం, తనను తాను దాచుకోవడం, లోకం చూసిన చిన్నచూపుతోనే తనను తాను చూసుకోవడం.

ఈ లోపలి భాగం దగ్గర కాస్త ఆగుదాం, శరీరం దెబ్బతినేది ఇక్కడే. అవమానం రోజుకు ఒక్కసారే జరగవచ్చు, అసలు జరగకపోవచ్చు కూడా. కానీ "జరుగుతుందేమో" అన్నది రోజంతా ఉంటుంది. బస్సెక్కేటప్పుడు, బాత్రూమ్ తలుపు ముందు, గుర్తింపు కార్డు చూపించాల్సిన ప్రతి చోటా. అలా కాపలా కాసే శరీరంలో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు తగ్గాల్సిన వేళకు తగ్గవు, నిద్ర చెడుతుంది, రక్తపోటు మీద ప్రభావం పడుతుంది. ఆ అలసటకు చాలామంది దొరికిన మందు వేసుకుంటారు, సిగరెట్టో మద్యమో. కొందరు బయటున్నంతసేపూ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. తర్వాత మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌తో వస్తారు. మనం యాంటీబయాటిక్ రాసి "నీళ్లు బాగా తాగండి" అని సలహా ఇస్తాం. (నవ్వులు) నవ్వు వస్తుంది, నిజమే. నేనూ రాశాను ఆ సలహా.

ఇప్పుడు అంకెలు. ఇవి వినడానికి బాగుండవు, కానీ తెలియాలి. 2015లో అమెరికాలో ఒక పెద్ద సర్వే జరిగింది, 27,715 మంది ట్రాన్స్‌జెండర్ వయోజనులు పాల్గొన్నారు. తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పినవాళ్లు 40 శాతం. ఆ దేశ సాధారణ జనాభాలో అది 4.6 శాతం. అంతకు ముందటి ఏడాదిలో వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్లలో మూడో వంతు మందికి, ట్రాన్స్ అయినందుకు ఏదో ఒక చేదు అనుభవం ఎదురైంది. అవసరం ఉన్నా, సరిగ్గా చూడరనే భయంతో వైద్యుడి దగ్గరికి వెళ్లనివాళ్లు 23 శాతం. నా చీటీ మీద గీత కొట్టిన పేరు ఆ 23 శాతం లాంటి లెక్కల్లోకి కూడా ఎక్కదు, ఆమె వచ్చింది కదా. వచ్చి వెళ్లిపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది ఇల్లిల్లూ తిరిగి యాదృచ్ఛికంగా ఎంచుకున్న శాంపిల్ కాదు, ఆన్‌లైన్‌లో తామై పూరించిన సర్వే. అంకెను అంగుళం అంగుళం పట్టుకోకండి. కానీ దాదాపు తొమ్మిదింతల తేడాను శాంపిల్ లోపం అని కొట్టిపారేయలేం.

ఈ 40 శాతాన్ని పట్టుకొని కొందరు "చూశారా, ఇదొక మానసిక రోగం" అంటారు. వైద్యశాస్త్రం ఇప్పుడు అలా అనడం లేదు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణలో "జెండర్ ఐడెంటిటీ డిజార్డర్" అనే పేరు తీసేసి, జెండర్ డిస్ఫోరియా అని పెట్టింది. అంటే గుర్తింపు రోగం కాదు, దానికీ శరీరానికీ పొత్తు కుదరక కలిగే బాధకు చికిత్స చేయాలి అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి పూర్తిగా బయటికి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టారు. అక్కడెందుకు ఉంచారు, పూర్తిగా తీసేయొచ్చుగా అని అడుగుతారు. జాబితాలో కోడ్ లేకపోతే చాలాచోట్ల చికిత్సా దొరకదు, బీమా డబ్బూ రాదు. అదీ సంగతి.

అదే 2015 సర్వేలో ఇంకో అంకె ఉంది. ఇంట్లోవాళ్లు అండగా ఉన్నవాళ్లలో ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు 37 శాతం. ఇంట్లోవాళ్లు అండగా లేనివాళ్లలో 54. మనిషిలో ట్రాన్స్ అన్నది రెండు గుంపుల్లోనూ ఒకటే. మారింది ఇల్లు. 37 కూడా చాలా ఎక్కువే, దాన్ని చూసి సంబరపడక్కర్లేదు. ఇల్లొక్కటే లోకం కాదు కాబట్టి అంత ఉంది.

కెనడాలోని ఒంటారియోలో ట్రాన్స్ పల్స్ అనే అధ్యయనం జరిగింది, 433 మందితో. 2015లో అచ్చయింది. ఆత్మహత్య ఆలోచనల ముప్పు ఎక్కడ తక్కువగా ఉందో వాళ్లు వెతికారు. మనుషుల ఆదరణ ఉన్నచోట, ద్వేషం తక్కువగా ఎదురైనచోట, గుర్తింపు పత్రాల్లో తమకు తగిన లింగం రాసి ఉన్నచోట. చివరిది మరోసారి వినండి. కాగితం. నేను రాసే ఏ మాత్రా చేయలేని పని ఒక కార్డు మీద మారిన అక్షరం చేస్తోంది.

సరే, నా ఆ పేషెంటు వెంట వచ్చిన స్నేహితురాలి సంగతికి వద్దాం. ఆమె కూడా ట్రాన్స్ మహిళే, అంటే పుట్టినప్పుడు మగ అని రాసినా మహిళగా బతుకుతున్నామె. ఆయాసం మొదలైన రాత్రి ఈమె "పొద్దున చూద్దాంలే" అంటే, ఆ స్నేహితురాలు ఒప్పుకోలేదు. లాక్కెళ్లింది. ఆసుపత్రి కౌంటర్ దగ్గర పేరు గురించి గొడవపడింది ఆమె, మంచం దగ్గర రాత్రంతా కూర్చుంది ఆమె, నా దగ్గరికి తీసుకొచ్చిందీ ఆమె. రక్తసంబంధం ఏమీ లేదు.

2013లో వాల్టర్ బాక్టింగ్, ఆయన సహచరులు 1,093 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో చేసిన ఒక అధ్యయనం అచ్చయింది. అందులో 44 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 33 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. ఎదుర్కొన్న వివక్ష పెరిగేకొద్దీ మానసిక బాధ పెరిగింది, అది ఊహించిందే. ఊహించనంత ఆసక్తికరమైనది ఇంకొకటి. తమలాంటి మిగతా ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల తోడు బాగా ఉన్నవాళ్లలో ఆ వివక్ష దెబ్బ అంత లోతుగా దిగలేదు. రాయి అదే, తగిలిన గాయం చిన్నది.

ఎందుకలా? ఒంటరిగా ఉన్నవాడికి అవమానం జరిగితే "నాలోనే ఏదో తేడా ఉంది" అనుకుంటాడు. నలుగురున్నచోట చెప్పుకుంటే "ఓహ్, నీక్కూడా అదేనా" అని ఎవరో అంటారు. అప్పుడు తప్పు తన ఒంట్లోంచి బయటికి వెళ్లి, ఎక్కడుండాలో అక్కడ కూర్చుంటుంది. 2011లో అనెలీస్ సింగ్, ఆమె సహ పరిశోధకులు 21 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఎలా నిలదొక్కుకున్నారని అడిగి తెలుసుకున్నారు. తమను ఏమని పిలుచుకోవాలో తామే నిర్ణయించుకోవడం, తమకు విలువ ఉందని నమ్మడం, తోటివాళ్లతో కలిసి ఉండటం, రేపటి మీద ఆశ పెంచుకోవడం, ఇవన్నీ చెప్పారు. వాటితో పాటు, తమ మీద జరుగుతున్నది అణచివేత అని గుర్తుపట్టడం కూడా. నాకు ఇదే ముఖ్యంగా కనిపించింది. మనం కౌన్సెలింగ్ పేరుతో చాలాసార్లు కోపాన్ని చల్లార్చాలని చూస్తాం. నాకు అనుమానం, కొందరిలో ఆ కోపమే వెన్నెముక.

అయితే ఈ తోడు ఊరికే రాదు. ఆ స్నేహితురాలి గురించి నేను తర్వాత ఆలోచించాను. ఆమె ఎన్ని రాత్రులు ఎంతమంది మంచాల పక్కన కూర్చొని ఉంటుంది? ఎన్ని చావులు చూసి ఉంటుంది? ఆమె బీపీ ఎవరు చూశారు? ఆ రోజు నేను చూశాను, సరదాగానే కట్టాను పట్టీ. పైది 168 ఉంది. "మా వాళ్లకి నేనే ధైర్యమండీ, నేను పడకేస్తే ఎలా" అంది. బలమైనవాళ్లు సాయం అడగరు. స్థితిస్థాపక అవధి అన్నాను కదా, అది బయటికి కనిపించదు.

ఇప్పుడు కాస్త పక్కా వైద్యం మాట్లాడుకుందాం. నిలదొక్కుకోవడం అంటే మనసు మాటే అనుకొని శరీరాన్ని మర్చిపోతే నా వృత్తికి ద్రోహం.

శరీరాన్ని తమ లింగానికి దగ్గరగా తెచ్చుకోవడానికి వాడే హార్మోన్ల గురించి అందరికీ భయాలూ ఉంటాయి, అతి ఆశలూ ఉంటాయి. ఆధారాలు ఏం చెబుతున్నాయి? మెల్‌బోర్న్‌లో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ కోసం ఎదురుచూస్తున్న 64 మంది వయోజనులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే మొదలుపెట్టారు, రెండో గుంపు మామూలు వెయిటింగ్ లిస్టులో మూడు నెలలు ఆగింది. ఫలితాలు 2023లో వచ్చాయి. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో డిస్ఫోరియా, డిప్రెషన్ బాగా తగ్గాయి. మొదట్లో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లలో 52 శాతం మందికి అవి పోయాయి, ఆగినవాళ్లలో అలా పోయింది 5 శాతం మందికే. చిన్న అధ్యయనం, మూడు నెలలే. కానీ "కొంతకాలం ఆగి చూద్దాం" అన్నది హాని లేని సలహా అనుకునేవాళ్లు దీన్ని ఒకసారి చదవాలి.

ఇక జాగ్రత్తలు. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మాత్రలుగా మింగితే ఎక్కువ, చర్మం మీద ప్యాచ్ లేదా జెల్ రూపంలో అయితే తక్కువ. సిగరెట్టు తాగేవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. నా ఆ పేషెంటు, డాక్టరు రాసివ్వకుండానే కొన్న మాత్రలు, త్వరగా మార్పు రావాలని రెట్టింపు మోతాదులో వేసుకుంటోంది. రోజుకు పది సిగరెట్లు. పిక్క వాచి నొప్పి వస్తే అది గడ్డ కావచ్చని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సినవాడు తలుపు దగ్గర నిలబడి పాత పేరు పిలుస్తున్నాడు. ఎక్కువ వేసుకుంటే త్వరగా మార్పు రాదమ్మా, ముప్పే త్వరగా వస్తుంది. ఒక్క కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అదే రోజు వెళ్లాలి.

టెస్టోస్టెరాన్ తీసుకునేవాళ్లలో ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడవచ్చు. రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంతో చెప్పే హెమటోక్రిట్ అనే పరీక్ష చేయిస్తూ ఉండాలి, 54 శాతం దాటితే మోతాదు సంగతి చూడాలి. ఇంకొకటి, టెస్టోస్టెరాన్ గర్భనిరోధక మందు కాదు. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదని అనుకోవద్దు. వృషణాలో అండాశయాలో తీయించుకున్న తర్వాత హార్మోన్లు పూర్తిగా మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. పిల్లలు కావాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే, వీర్యమో అండాలో దాచుకునే మాట మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి.

క్యాన్సర్ పరీక్షలకు నేను గుర్తుపెట్టుకునే సూత్రం చాలా మొరటుది. ఏ అవయవం ఉందో దానికి పరీక్ష. కార్డు మీద ఏం రాసి ఉన్నా సరే. గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషుడికి, అంటే పుట్టినప్పుడు ఆడ అని రాసినా పురుషుడిగా బతుకుతున్నవాడికి, స్క్రీనింగ్ కావాలి. శస్త్రచికిత్స చేయించుకున్న ట్రాన్స్ మహిళకు కూడా ప్రోస్టేట్ గ్రంథి అలాగే ఉంటుంది, దాన్ని తీయరు. నెదర్లాండ్స్‌లో 2,260 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు చూస్తే, రొమ్ము క్యాన్సర్ ముప్పు మగవాళ్లకంటే ఎక్కువగా, మిగతా మహిళలకంటే తక్కువగా కనిపించింది. కాబట్టి వాళ్లకూ మామోగ్రామ్ మాట ఎత్తాలి.

అదే దేశం నుంచి వచ్చిన ఇంకో లెక్క నన్ను బాగా కలవరపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకే క్లినిక్‌లో 1972 నుంచి 2018 వరకు హార్మోన్ చికిత్స తీసుకున్న 4,568 మందిని గమనించారు. మరణాల రేటు సాధారణ జనాభాకు దాదాపు రెండింతలు. గుండెజబ్బులు, ఊపిరితిత్తుల క్యాన్సర్, హెచ్‌ఐవీ, ఆత్మహత్య. హార్మోన్ల వల్లే ఇలా జరిగిందనడానికి సూచనలు కనిపించలేదని పరిశోధకులు అన్నారు. అన్నేళ్లలో ఆ తేడా తగ్గనూ లేదు. హార్మోన్ డోసు చూడటానికి డాక్టర్లు ఉన్నారు. సిగరెట్టు మాన్పించడానికి, కొలెస్ట్రాల్ చూడటానికి ఎవరున్నారు అన్నది ప్రశ్న.

మన వైద్యుల్లో ఒక వింత అలవాటుంది. ట్రాన్స్ వ్యక్తి చెయ్యి విరిగి వచ్చినా "హార్మోన్లు ఎప్పట్నుంచి?" అని అడుగుతాం. ఇంగ్లీషు మాట్లాడే ట్రాన్స్ వ్యక్తులు దీనికి ఎగతాళిగా ట్రాన్స్ బ్రోకెన్ ఆర్మ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చెయ్యి విరిగితే ఎక్స్‌రే తియ్యాలి. అంతే. (నవ్వులు, చప్పట్లు) రెండో కొస కూడా ఉంది, గడ్డ కట్టిన కాలుతో వస్తే హార్మోన్ల గురించి తప్పకుండా అడగాలి. ఎప్పుడు అడగాలో తెలియడమే మన చదువు.

రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లు చాలామంది వచ్చారు, వాళ్లతో ఒక్క మాట. మన భాషలో క్రియకే లింగం అంటుకొని ఉంటుంది. వచ్చాడు, వచ్చింది. నోరు తెరిస్తే చాలు, ఎదుటి మనిషి ఎవరో మనమే తీర్పు చెప్పేస్తాం. కానీ అదే భాష ఒక మంచి దారి కూడా ఇచ్చింది. వచ్చారు. కూర్చోండి. మీ పేరేమని పిలవమంటారు? గౌరవంగా మాట్లాడితే లింగం గొడవే రాదు. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు "తను" ఉంది, ఎవరికైనా సరిపోతుంది. రికార్డులో పాత పేరే ఉంటే పిలిచే పేరు పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. అదీ కుదరకపోతే టోకెన్ నంబరు పిలవండి. నేను ఆ సంఘటన తర్వాత అందరికీ నంబర్లే పెట్టాను. విచిత్రం, దానికి ఎక్కువగా సంతోషించింది మామూలు పేషెంట్లు. తమ జబ్బు పక్కవాళ్లకు తెలియదని.

ఇంత చీకటి చెప్పాను కాబట్టి ఇంకో అంకె చెప్పి ఆపుతాను. 2022లో అమెరికాలో ఆ సర్వే మళ్లీ చేశారు, ఈసారి 92,329 మంది. పుట్టినప్పుడు రాసిన లింగం కాక తమకు తెలిసిన లింగంలో బతుకుతున్నవాళ్లను, అలా మారాక మీ జీవితం ఎలా ఉంది అని అడిగారు. ఇంతకు ముందుకంటే తృప్తిగా ఉందన్నవాళ్లు 94 శాతం. ఇన్ని దెబ్బల మధ్య! నేను ఈ అంకెను నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. "మీ బతుకు ఇలా ఎందుకు చేసుకున్నారు" అని అడగబుద్ధి వేసినప్పుడు చూసుకోవడానికి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, నాకు 52 ఏళ్లు. ఇన్నాళ్లూ ఇంట్లో బాధ్యతల వల్ల ఆగాను. ఈ వయసులో ఈస్ట్రోజెన్ మొదలుపెడితే ప్రమాదమా? ఆలస్యమైపోయిందా?

ఆలస్యం అనే మాట నేను వాడనండి. యాభై దాటాక మొదలుపెట్టినవాళ్లు నా దగ్గరే ఉన్నారు. వయసు పెరిగితే గుండె, రక్తనాళాల ముప్పు సహజంగానే పెరుగుతుంది, అందుకని లెక్క కొంచెం జాగ్రత్తగా వేయాలి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, ఇవి ముందు చూస్తాం. ఈ వయసులో మాత్రల కంటే ప్యాచ్ వైపే మొగ్గుతాం. సిగరెట్టు తాగుతారా? తాగుతారు. అయితే మీ మొదటి ప్రిస్క్రిప్షన్ అదే, మానడం. ఒంటరిగా మానడం కష్టం, దానికి కూడా మందులున్నాయి, అడగండి. పాతికేళ్లవాళ్లలో వచ్చినంత మార్పు శరీరంలో రాకపోవచ్చు, అదీ ముందే చెబుతున్నాను. వచ్చినంత వస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మా వాడికి... మా పెద్దదానికి 26 ఏళ్లు. పోయినేడు చెప్పాడు... చెప్పింది, నేను అమ్మాయినమ్మా అని. నాకు ఇష్టమేనండీ, బిడ్డ బాగుంటే చాలు. కానీ పాత పేరే నోటికొస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. ఏం చెయ్యమంటారు?

ఏడవకండమ్మా. కఠినంగా అంటున్నానని అనుకోవద్దు. మీరు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని తన మీద పడుతుంది. పాత పేరు వచ్చిందా, కొత్త పేరుతో ఆ వాక్యం మళ్లీ చెప్పి, మాట ముందుకు సాగించండి. ఇప్పుడు ఇంతమందిలో "చెప్పాడు" అని, వెంటనే "చెప్పింది" అన్నారు చూడండి, అంతే. అంతకంటే పెద్ద చిట్కా నా దగ్గర లేదు. ఎవరూ లేనప్పుడు, గిన్నెలు కడుగుతున్నప్పుడో నడుస్తున్నప్పుడో కొత్త పేరుతో గట్టిగా పిలిచి చూడండి. నాలుకకు అభ్యాసం కావాలి, 26 ఏళ్ల అలవాటు కదా.

ప్రశ్న: ఇంకోటండీ. గోడ మీద చిన్నప్పటి ఫొటోలు ఉన్నాయి. తీసెయ్యాలా, ఉంచాలా?

అది నాకెలా తెలుస్తుందమ్మా? కొందరు తీసెయ్యమంటారు, కొందరు అవీ నేనే కదా అంటారు. తననే అడగండి. అడిగి, ఏం చెబితే అది చెయ్యండి.